నేపాల్‌లోని బాలల ఆశ్రమంలో కొన్ని నెలలు స్వచ్ఛందంగా పనిచేయాలనుకుంటున్నాను, వెళ్లవచ్చా?

ప్రశ్న: సాయంసంధ్య, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. దసరా తర్వాత ఉద్యోగానికి కొంతకాలం విరామం ఇచ్చి, ఆ సమయాన్ని ఎవరికైనా పనికొచ్చేలా గడపాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. డిగ్రీ చదివే రోజుల్లో మా కాలనీ పక్కనున్న ప్రభుత్వ పాఠశాల పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పేదాన్ని. అందువల్ల పిల్లలతో గడపడం నాకు అలవాటైన పనే, ఇష్టమైన పని కూడా.

ఖాట్మండు శివార్లలోని ఒక బాలల ఆశ్రమానికి వలంటీర్లను పంపే సంస్థ వివరాలు ఇటీవల నా కంటబడ్డాయి. ఉదయం పిల్లలను బడికి తయారు చేయడం, సాయంత్రం ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పడం, రాత్రి చిన్నవాళ్లను నిద్రపుచ్చడం మా పని అని చెప్పారు. బసకూ భోజనానికీ వారానికి ఇంత అని రుసుము కట్టాలి. ఎప్పుడైనా రావచ్చు, ఎన్ని వారాలైనా ఉండవచ్చు. ఏయే పత్రాలు కావాలని వాట్సాప్‌లో అడిగితే, పాస్‌పోర్టు కాపీ పంపి డబ్బు కడితే చాలన్నారు. పోలీసు ధ్రువపత్రం గురించి కానీ, నా అనుభవం గురించి కానీ అడగలేదు. పిల్లల ఫొటోలు మాత్రం వెంటనే పంపారు. ఒక్కొక్క ఫొటో కింద ఆ బిడ్డ పేరు, వయసు, తల్లిదండ్రులు ఎలా చనిపోయారో రాసి ఉంది. వాటిని చూశాక నా మనసు అక్కడే ఉండిపోయింది.

మా అమ్మ వెళ్లిరమ్మంటోంది. నాన్నగారికి మాత్రం ఏదో సందేహంగా ఉంది. భారతీయులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు, హిందీతో పని నడిచిపోతుందని కూడా విన్నాను. ఇలాంటి సంస్థ నమ్మదగినదో కాదో ఎలా తెలుసుకోవాలి? నేను వెళ్లడం వల్ల ఆ పిల్లలకు నిజంగా మేలు జరుగుతుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: కొండదారి, ఖాట్మండు

సాయంసంధ్య గారూ, మాది శ్రీకాకుళం జిల్లా. కొన్నేళ్లుగా ఇక్కడ ఖాట్మండులో, ఆశ్రమాల్లో ఉన్న పిల్లలను తిరిగి వాళ్ల కుటుంబాలకు చేర్చే పనిలో ఉన్నాను. మీ మంచి మనసును గౌరవిస్తూనే, ఆ ఆశ్రమానికి వెళ్లవద్దని చెబుతున్నాను. కారణాలు కొంచెం వివరంగా రాయక తప్పదు.

నేపాల్‌లో 1996 నుంచి 2006 వరకు అంతర్యుద్ధం జరిగింది. దాని దెబ్బ ఎక్కువగా తగిలిన ప్రాంతాల్లో వాయవ్య మూలనున్న కర్ణాలీ ఒకటి. అందులో హుమ్లా అనే జిల్లాకు ఆ రోజుల్లో రోడ్డే లేదు. జిల్లా కేంద్రమైన సిమికోట్ చేరాలంటే నేపాల్‌గంజ్ నుంచి చిన్న విమానం ఎక్కాలి, లేదా రోజుల తరబడి నడవాలి. పిల్లలను సాయుధ దళాల్లోకి తీసుకుపోతారన్న భయం ఒకవైపు, ఊళ్లో బడి సరిగా నడవని పరిస్థితి మరోవైపు ఉన్న ఆ సమయంలో దళారులు ఇంటింటికీ వెళ్లి, ‘మీ బిడ్డను ఖాట్మండులో బోర్డింగు బడిలో చదివిస్తాం’ అని నమ్మబలికారు. తల్లిదండ్రులు ఉన్న కాస్త భూమినో, పశువులనో అమ్మి వాళ్ల చేతిలో డబ్బు పోసి మరీ పిల్లలను అప్పగించారు. నగరానికి చేరాక ఆ పిల్లల కాగితాలు మారిపోయాయి. బతికున్న తల్లిదండ్రులు చనిపోయినట్టు పత్రాలు పుట్టుకొచ్చాయి. ఎవరైనా అడిగితే అమ్మానాన్నలు లేరని చెప్పాలని పిల్లలకు నేర్పారు. యుద్ధం ముగిసినా ఈ దందా ఆగలేదు, ఎందుకంటే అప్పటికే దాని మీద ఆదాయం రావడం మొదలైంది. ఆ ఆదాయం విదేశీ దాతల నుంచీ, వారానికి ఇంత అని కట్టి వచ్చే వలంటీర్ల నుంచీ వస్తోంది.

ఒక్క విషయం గమనించండి. నేపాల్‌లో 77 జిల్లాలున్నాయి. కానీ బాలల ఆశ్రమాల్లో సుమారు 90 శాతం ఐదు జిల్లాల్లోనే పోగుపడ్డాయి. అవి ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, అభయారణ్యం ఉన్న చిత్‌వన్. పర్యాటకులు తిరిగే జిల్లాలన్నీ ఇవే. దిక్కులేని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట ఆశ్రమాలు వెలిస్తే అవి హుమ్లాలోనో, జుమ్లాలోనో ఉండాలి కదా? ఆశ్రమాల్లోని పిల్లల్లో నూటికి 80 మందికి పైగా తల్లో తండ్రో, చాలామందికి ఇద్దరూ బతికే ఉన్నారని ఈ రంగంలో పనిచేసే సంస్థల అంచనా. నేను రోజూ చూసేది కూడా అదే.

హుమ్లా నుంచి ఒక తల్లిని మేము పిలిపించినప్పటి సంగతి చెబుతాను. ఆశ్రమం రిజిస్టరులో ఆ పిల్లవాడి పేరు ఎదురుగా తండ్రి మృతి, తల్లి మృతి అని నీలం సిరాతో రాసి ఉంది. ఆ తల్లి అదే బల్ల ముందు, ఎండబెట్టిన యాపిల్ ముక్కల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొడుకు వచ్చి ఎదురుగా నిలబడితే ఇద్దరికీ మాట కలవలేదు. చిన్నప్పుడే తీసుకొచ్చేయడం వల్ల వాడు ఇంటి భాష మరిచిపోయాడు, ఆమెకు నగరపు నేపాలీ సరిగా రాదు. వాళ్ల ఊరి నుంచే వచ్చి ఇక్కడ హోటల్లో పనిచేసే ఒక కుర్రాడు మధ్యలో కూర్చుని ఒకరి మాట ఒకరికి చెప్పాడు. ఆ ఆశ్రమంలో ఇంగ్లీషు చెప్పడానికి వలంటీర్లు వస్తూనే ఉండేవారు. వాళ్లు మంచివాళ్లే. కానీ వాళ్లు కట్టే రుసుము వల్లే ఆ పిల్లవాడిని ఇంటికి పంపడం నిర్వాహకుడికి నష్టమైంది.

2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడు ఇదే మళ్లీ విజృంభిస్తుందని భయపడి, తల్లిదండ్రులు గానీ, అనుమతి ఉన్న సంరక్షకులు గానీ లేకుండా పిల్లలను జిల్లా దాటించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది, కొత్త ఆశ్రమాల నమోదును నిలిపివేసింది. 2018లో వచ్చిన బాలల చట్టం ప్రకారం బంధువుల ఇల్లు, మరో కుటుంబం వంటి దారులన్నీ మూసుకుపోయాకే బిడ్డను ఆశ్రమానికి పంపాలి.

ఇక వీసా సంగతి. మనకు వీసా అవసరం లేకపోవడం వేరు, పిల్లల మధ్య ఉండి పనిచేయడానికి అనుమతి ఉండటం వేరు. పర్యాటక వీసాతో వచ్చే ఇతర దేశస్థులకు జీతం లేని పని చేయడం కూడా నిషేధమే. భారతీయుల విషయంలో ఈ వీసా గడప లేదు కాబట్టే, మనల్ని అడిగేవారుండరని కొన్ని సంస్థలు ధీమాగా ఉంటాయి.

మీరు రాసిన వివరాల్లోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషికి వాట్సాప్‌లో పిల్లల పేర్లు, ఫొటోలు, వాళ్ల ఇంటి విషాదం పంపించేవారు, ఆ మనిషి నేరచరిత్ర గురించి ఒక్క మాట అడగకుండా రాత్రిపూట పిల్లలను నిద్రపుచ్చే పని అప్పగించేవారు, ఆ పిల్లలకు రక్షకులు ఎలా అవుతారు? మీరు మంచివారు. రేపు అదే రుసుము కట్టి అదే గదిలోకి వచ్చే మరో మనిషి ఎలాంటివాడో వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

సమాధానం: పసిమనసు, విశాఖపట్నం

కొండదారి గారు చెప్పినదానికి పిల్లల మానసిక ఆరోగ్యం వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను. నేను ఆ రంగంలోనే పనిచేస్తున్నాను.

ఆశ్రమానికి వెళ్లినవారు చాలామంది ఒక మాట అంటారు: ‘లోపలికి అడుగు పెట్టగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చున్నారు, ఎంత ప్రేమో!’ ఇంట్లో పెరిగే మూడేళ్ల బిడ్డ కొత్తవాళ్లను చూస్తే ఏం చేస్తుంది? అమ్మ కొంగు పట్టుకుని వెనక దాక్కుంటుంది, కాసేపు తొంగిచూసి, నమ్మకం కుదిరాక దగ్గరికి వస్తుంది. అదే ఆరోగ్యకరమైన లక్షణం. పరిచయం లేని ప్రతి మనిషినీ క్షణంలో హత్తుకోవడం, వాళ్లు రమ్మంటే వెంట వెళ్లిపోవడం, స్థిరమైన ఒక మనిషి ఆసరా దొరకని పిల్లల్లో తరచుగా కనిపించే లక్షణమని పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. నెలకొకరు చొప్పున అక్కలూ అన్నలూ వచ్చి, ప్రేమగా ఉండి, కన్నీళ్లతో వీడ్కోలు చెప్పి వెళ్లిపోతుంటే, మనుషులు ఎలాగూ వెళ్లిపోయేవాళ్లేనని ఆ బిడ్డ నేర్చుకుంటుంది.

రుమేనియాలో 1989లో చౌషెస్కూ పాలన కూలిపోయాక, అక్కడి ఆశ్రమాల్లో మగ్గిపోతున్న పిల్లల దుస్థితి ప్రపంచానికి తెలిసింది. ఆ తర్వాత బుఖారెస్ట్‌లో ఆశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లలను తీసుకుని, అందులో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, ఏళ్ల తరబడి గమనించారు. తెలివితేటల ఎదుగుదలలోనూ, మనుషులతో అనుబంధం పెంచుకోవడంలోనూ కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు మెరుగ్గా ఉన్నారు. అందులోనూ రెండేళ్లు నిండకముందే వెళ్లినవారికి ఎక్కువ మేలు జరిగింది. ఆశ్రమంలో తిండి, బట్ట, చదువు అన్నీ బాగున్నా, తనదంటూ ఒక మనిషి లేని లోటు అలాగే ఉండిపోతుంది. వలంటీరు ఎంత మంచివారైనా, తిరుగు టికెట్ చేతిలో ఉన్నప్పుడు ఆ లోటు తీర్చలేరు.

సమాధానం: ప్రవాసి, సింగపూర్

పైవారిద్దరి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ పూర్తిగా ఏకీభవించలేను. నేను కంబోడియాలోని సియెమ్ రీప్‌లో ఒక ఆశ్రమానికి మిత్రులతో కలిసి పలుమార్లు వెళ్లాను, ఇప్పటికీ విరాళం పంపుతున్నాను. అక్కడ నిజంగా ఎవరూ లేని పిల్లలున్నారు. అన్ని ఆశ్రమాలనూ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. వలంటీర్లూ దాతలూ ఒక్కసారిగా మానేస్తే, ఇవాళ అక్కడ అన్నం తింటున్న పిల్లలు రేపు ఎక్కడికి పోతారు? వీధిలోకే కదా?

సమాధానం: కొండదారి, ఖాట్మండు

ప్రవాసి గారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆశ్రమాలకు ఒక్క రోజులో తాళం వేయాలని ఈ రంగంలో ఎవరూ అనరు. కానీ మీరు చెప్పిన కంబోడియాలోనే 2005 నుంచి 2010 వరకు, అంటే ఐదేళ్లలో, ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. యుద్ధం ముగిసి, దేశం కోలుకుని, అంగ్‌కోర్ ఆలయాలకు పర్యాటకులు వెల్లువెత్తిన కాలం అది. అనాథలు తగ్గాల్సిన కాలంలో ఆశ్రమాలు ఎందుకు పెరిగాయి? అక్కడ కూడా ఆ పిల్లల్లో ప్రతి నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో ఉన్నారని 2011లో వెలువడిన ప్రభుత్వ, యూనిసెఫ్ అధ్యయనంలో తేలింది. అందుకే అదే ఏడాది ‘పిల్లలు పర్యాటక ఆకర్షణలు కారు’ అనే ప్రచారాన్ని ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ సంస్థ సియెమ్ రీప్, నామ్ పెన్ వీధుల్లో మొదలుపెట్టింది. తర్వాత కంబోడియా ప్రభుత్వమే పిల్లలను దశలవారీగా ఇళ్లకు చేర్చే లక్ష్యం పెట్టుకుంది.

మీరు విరాళం ఆపవద్దు, దాని దారి మార్చండి. మీ ఆశ్రమం వారిని రెండు విషయాలు అడగండి. గత సంవత్సరం ఎంతమంది పిల్లలు కుటుంబాలకు తిరిగి వెళ్లారు? వెళ్లిన పిల్లల ఇళ్లకు ఎవరు, ఎంత తరచుగా వెళ్లి చూసి వస్తున్నారు? స్పష్టమైన జవాబు వస్తే ఆ పనికే మీ డబ్బు పంపండి. నిజంగా ఎవరూ లేని పిల్లలకు స్థానిక పెంపుడు కుటుంబాలు వెతకడానికి కూడా ఖర్చవుతుంది. జవాబు దాటవేస్తే మీకే అర్థమవుతుంది.

సమాధానం: కృష్ణాతీరం, గుంటూరు

నేను రెండో తరగతి నుంచి ఇంటర్ వరకు మన రాష్ట్రంలోనే ఒక బాలల ఆశ్రమంలో పెరిగాను. మా నాన్న చనిపోయాక అమ్మ కూలికి వెళుతూ ముగ్గురిని సాకలేక నన్ను అక్కడ చేర్చింది. నేను అనాథను కాను. కానీ బయటి గోడ మీద పెద్ద అక్షరాలతో అనాథాశ్రమం అనే రాసి ఉండేది, బడిలో అందరూ మమ్మల్ని ఆ పేరుతోనే పిలిచేవారు.

విదేశాల నుంచి చలికాలంలో కొందరు వచ్చేవారు. వాళ్లు వచ్చే ముందు రోజు గోడలకు సున్నం వేసేవారు, దాచిపెట్టిన కొత్త దుప్పట్లు పరిచేవారు, మాకు పాటలు నేర్పేవారు. వాళ్లు వెళ్లాక దుప్పట్లు మళ్లీ బీరువాలోకి వెళ్లేవి. ఇది విదేశీయుల విషయం మాత్రమే కాదండీ, మనవాళ్ల పుట్టినరోజు భోజనాలూ ఇలాంటివే. కేకు కోసేవరకు మేము విస్తళ్ల ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి, మా ఎవరికీ తెలియని బాబుకు చప్పట్లు కొడుతూ పుట్టినరోజు పాట పాడాలి, ఫొటో దిగాలి, ఆ తర్వాతే అన్నం. పెట్టినవాళ్ల మనసు మంచిదే, ఆ రోజు కూర కూడా బాగుండేది. కానీ ఆకలితో ఉన్న పిల్లవాడికి ఆ పాట ఎంత పొడుగ్గా ఉంటుందో పెట్టేవాళ్లకు తెలియదు.

నాకు నిజంగా మేలు చేసినవారు ఇద్దరున్నారు. ఒకరు వంట చేసే అమ్మ. నాకు జ్వరం వస్తే ఎప్పుడు వచ్చిందో, ఏ మాత్ర పడదో ఆమెకు గుర్తుండేది. మరొకరు అదే ఊరి లెక్కల మాస్టారు. ఆదివారం సైకిల్ మీద వచ్చేవారు, నేను పదో తరగతి దాటేవరకు రావడం మానలేదు. వాళ్లను ఎక్కడికీ విమానంలో పంపనక్కర్లేకపోయింది. మా అమ్మకు ఆ రోజుల్లో నెలకు కొంత డబ్బు సాయం అంది ఉంటే నేను ఇంట్లోనే, తమ్ముళ్లతోనే పెరిగేవాణ్ని. సాయంసంధ్య గారూ, మీరు వెళ్లాలనుకునే ఆశ్రమంలో కూడా నాలాంటి పిల్లలే ఎక్కువమంది ఉంటారని నాకు గట్టిగా అనిపిస్తోంది.

సమాధానం: విశ్రాంత ఉద్యోగి, వరంగల్

కృష్ణాతీరం గారి చివరి మాటకు కొనసాగింపుగా, మన దేశంలో ఉన్న ఏర్పాటును చెబుతాను. నేను జిల్లా స్థాయిలో బాలల సంరక్షణ విభాగంలో చాలాకాలం పనిచేసి ఇటీవలే పదవీ విరమణ చేశాను.

బిడ్డను పోషించలేని తల్లికి, బిడ్డను ఇంట్లోనే ఉంచుకుని పెంచుకోవడానికి మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇచ్చే వీలుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. అర్హత ఉన్న తల్లులలో చాలామందికి ఈ సంగతే తెలియదు. తెలిసినా మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు తేడాలు అనే నాలుగు మెట్ల దగ్గరే ఆగిపోతారు. చదువుకున్న మనిషి ఒకరు తోడు ఉండి ఆ కాగితాలు సరిచేయించి దరఖాస్తు పెట్టిస్తే, ఒక బిడ్డ ఆశ్రమం గడప తొక్కకుండా ఆగుతుంది. నా ఉద్యోగ కాలంలో ఇంతకంటే ఫలితమిచ్చే స్వచ్ఛంద సేవను నేను చూడలేదు.

ఆశ్రమాల్లోనే సేవ చేయదలచుకున్నవారు తెలుసుకోవాల్సిన చట్టం 2015 నాటి బాలల న్యాయ చట్టం. 41వ సెక్షన్ ప్రకారం ప్రతి బాలల సంరక్షణ సంస్థ తప్పనిసరిగా నమోదై ఉండాలి, లేకుంటే నిర్వాహకులు శిక్షార్హులు. సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, ఫొటో, చదివే బడి వంటి గుర్తింపు వివరాలను బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆ లెక్కన పుట్టినరోజు భోజనాల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టడం కూడా ఆలోచించాల్సిన విషయమే. ఈ జాగ్రత్తలు ఊరికే పెట్టినవి కావు. ముంబైలోని కొలాబాలో విదేశీయులు నడిపిన వీధి బాలల ఆశ్రమంలో పిల్లలపై లైంగిక దాడులు జరిగినట్టు రుజువై 2006లో కోర్టు శిక్షలు వేసింది, 2011లో సుప్రీంకోర్టు వాటిని ఖరారు చేసింది. నిందితులు అక్కడికి వచ్చింది సేవ పేరుతోనే. ఎక్కడైనా అనుమానం కలిగితే బాలల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

సాయంసంధ్య, హైదరాబాద్

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నేను ఆ సంస్థకు ఫోను చేసి, పిల్లల్లో ఎవరికైనా తల్లిదండ్రులు బతికి ఉన్నారా, వలంటీర్లకు నేరచరిత్ర తనిఖీ ఎందుకు లేదని అడిగాను. ‘మేడమ్, మీరు ముందు వచ్చి చూడండి’ అన్నారే తప్ప జవాబు రాలేదు. వెళ్లడం లేదని చెప్పేశాను. నాన్నగారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను.

సెలవు మాత్రం తీసుకుంటున్నాను. విశ్రాంత ఉద్యోగి గారు చెప్పిన స్పాన్సర్‌షిప్ దరఖాస్తుల పని మా ప్రాంతంలో మొదలుపెట్టాలని ఉంది. ఎవరిని కలవాలి? అలాగే కొండదారి గారూ, నా సాఫ్ట్‌వేర్ అనుభవం మీ పనికి దూరం నుంచి ఏ విధంగానైనా ఉపయోగపడుతుందా?

విశ్రాంత ఉద్యోగి, వరంగల్

చాలా సంతోషం అమ్మా. మీ జిల్లా బాలల పరిరక్షణ అధికారిని కలిసి, మీ గుర్తింపు పత్రాలతో పాటు పోలీసు ధ్రువపత్రం వాళ్లు అడగకముందే జతచేసి దరఖాస్తు ఇవ్వండి. తర్వాత మీ ప్రాంతంలోని అంగన్‌వాడీ టీచరును పరిచయం చేసుకోండి. భర్త పోయిన తల్లులు ఎవరు, ఏ ఇంట్లో పిల్లలను హాస్టలుకు పంపే ఆలోచనలో ఉన్నారన్నది ఆమెకు తెలిసినంతగా మా కార్యాలయాలకు కూడా తెలియదు. మొదట ఒకటి రెండు కుటుంబాలతో ప్రారంభించండి, దరఖాస్తు ఎక్కడ ఆగిందో వారం వారం వెళ్లి కనుక్కుంటూ ఉండండి.

కొండదారి, ఖాట్మండు

తప్పకుండా ఉపయోగపడుతుంది. ఒక బిడ్డను ఇంటికి చేర్చాలంటే ఆశ్రమం రిజిస్టరు, వార్డు కార్యాలయం జనన నమోదు, బడి రికార్డు, ఊళ్లో బంధువులు చెప్పిన వివరాలు అన్నీ సరిపోల్చి చూడాలి. పేరు ఒక్కొక్క చోట ఒక్కో రకంగా ఉంటుంది, ఊరి పేరు కావాలనే తప్పుగా రాసి ఉంటుంది. మా దగ్గర ఇదంతా ఇప్పటికీ నోటు పుస్తకాల్లో, విడివిడి ఎక్సెల్ షీట్లలో ఉంది. పిల్లల వివరాలు మా కార్యాలయం దాటి బయటకు రాకూడదు కాబట్టి, అసలు సమాచారం చూడకుండానే, కల్పిత పేర్లతో పరీక్షించి ఒక చిన్న ప్రోగ్రామ్ తయారు చేసి ఇవ్వగలిగేవారు కావాలి. దాన్ని వాడటం మా సిబ్బందికి ఆన్‌లైన్‌లో నేర్పాలి, వాళ్లు హిందీ బాగా అర్థం చేసుకుంటారు. మీకు వీలైతే ఇక్కడే వ్యక్తిగత సందేశం పంపండి, రిజిస్టరులో ఏయే గడులు ఉంటాయో ఖాళీ నమూనా పంపుతాను.